పీట మీద పట్టిన పుస్తకం

సూర్యకళ అడిగిన పుస్తకం ఒకటి, వచ్చింది ఇంకొకటి. వచ్చినదాన్ని ఉదయ్‌భాస్కర్ టేబుల్ మీద పెడితే కీబోర్డు ఓసారి ఎగిరిపడింది. అట్ట మీద విజువల్ బేసిక్ అన్న పేరు చూసి దాన్ని పుస్తకం అనుకోవాలి గానీ, చేతికి మాత్రం ఇటుకే. తెరిచి చూస్తే చీమ తలకాయలంత అక్షరాలు, పేజీ నిండా సందు లేకుండా ఇంగ్లీషు.

"చూశావామ్మా, సార్ గారు రాజమండ్రిలో స్వయంగా వెతికి తెచ్చారు" అన్నాడు వెంకటరాజు, దాన్ని రెండు చేతులా ఎత్తి చూస్తూ. భీమవరంలో ఆయనకి రొయ్యల మేత డీలర్‌షిప్పు, ఐసు ఫ్యాక్టరీ, ఉండి ఊరి దగ్గర సొంత చెరువులు ఉన్నాయి. మేత బస్తా అయినా ఐసు గడ్డ అయినా ముందు ఎత్తి చూస్తే గానీ ఆయనకి నమ్మకం కుదరదు. "బరువుందండి. ఇందులో లేనిదంటూ ఉండదు."

"ఇదొక్కటి చదివితే ఇంకో పుస్తకంతో పనుండదండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్. ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. సాయంత్రాలు వెంకటరాజు కూతురికి లెక్కలు చెప్పడానికి వస్తాడు. పాఠం అయ్యాక మేడ దిగి ఆఫీసులో కూర్చుని కాఫీ తాగుతాడు. అలా తాగగా తాగగా ఆ ఆఫీసులో కంప్యూటర్ సంగతులన్నిటికీ ఆయన మాటే ఆఖరి మాట అయిపోయింది.

"నేను చీటీ మీద పేరు రాసిచ్చానండి" అంది సూర్యకళ.

"చూశానండి. కొట్టతను తీసి చూపించాడు కూడా. అది వంటల పుస్తకం లాంటిది. సమస్య ఇదీ, పరిష్కారం ఇదీ, ఇలా చెయ్యండి, అలా చెయ్యండి. చూసి రాసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. భాష రావాలంటే పునాది నుంచి రావాలండి."

వంట రానివాళ్లే కదండీ వంటల పుస్తకం కొనుక్కునేది అందామని నోటిదాకా వచ్చింది సూర్యకళకి. కానీ వెంకటరాజు అప్పటికే తల ఊపేస్తున్నాడు. ఆయన తల ఊపాక ఆ గదిలో ఇంకొకరి మాటకి చోటుండదు. ఆమె పుస్తకాన్ని తన వైపు లాక్కుంది. ఒళ్లు మాత్రం భగ్గుమంది.

ఆమె బీకాం చదివింది, తెలుగు మీడియంలో. ఆ ఆఫీసులో మేత బిల్లులు, స్టాకు, బస్తాల లెక్క అన్నీ ఆమె కంప్యూటర్‌లోనే నడుస్తున్నాయి. ప్రోగ్రాం రాయడమంటే ఆమెకి భయం లేదు. భయమల్లా ఇంగ్లీషు వాక్యంతోనే. లావు పుస్తకంలో ఒక్కో వాక్యం మొదలైతే ఆగదు, ఆగేసరికి మొదట్లో ఏం చెప్పాడో జారిపోతుంది. ఆమె అడిగిన సన్న పుస్తకంలో అయితే పైన ఒక్క ముక్కలో సమస్య, కింద ప్రోగ్రాం, ఆ కింద ఎందుకలా రాశాడో నాలుగు లైన్లు. ప్రోగ్రాంలో వ్యాకరణం ఉండదు. రాస్తే పని చేస్తుంది, లేకపోతే చెయ్యదు. మధ్యలో అవమానం లేదు.

చెయ్యాల్సిన పని కూడా చిన్నదేం కాదు. పొద్దున్న లేస్తే రైతుల ఫోన్లు. ఇవాళ మా చెరువులో మేత ఎంత వెయ్యమంటారండీ అని. రొయ్య పిల్ల వదిలి ఎన్నాళ్లయిందో చూడాలి, నిన్న వేసినదాంట్లో ఎంత మిగిలిందో అడగాలి, తిథి చూడాలి. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య పొర విడుస్తుంది. ఆ రెండు మూడు రోజులూ మేత సరిగ్గా ముట్టదు. తగ్గించకుండా వేస్తే మిగిలింది అడుగున కుళ్లి చెరువే పోతుంది. ఈ లెక్కంతా కంప్యూటర్ చెప్పాలని వెంకటరాజు కోరిక. హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ పార్టీ వచ్చి మేం చేస్తామంది, మా కుర్రాణ్ణే ఇక్కడ కూర్చోబెడతామంది. నేను చేస్తానండి అంది సూర్యకళ. విజయదశమి దాకా చూస్తానమ్మా, కాకపోతే వాళ్లకిచ్చేసి నిన్ను ఐసు ఫ్యాక్టరీలో లోడింగు చీటీలకి పంపిస్తాను అన్నాడాయన, అదేదో ఉపకారం చేస్తున్నట్టు. అమ్మోనియా వాసనలో, తడిసిన ఊక మీద, గడ్డలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం.

రెండు రోజులు లావు పుస్తకంతో కుస్తీ పట్టింది. మొదటి అధ్యాయం ఆ భాష ఎలా పుట్టింది అన్నది. రెండోది దాన్ని కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి అన్నది, అది ఎప్పుడో ఎక్కి ఉంది. మూడో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయి, కాఫీ తాగుతున్న ఉదయ్‌భాస్కర్‌ని అడిగింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. ఆ చెప్పిందీ ఇంగ్లీషులోనే.

"తేదీల లెక్క ఎక్కడుంటుందో ఆ ఒక్కటి చెప్పండి సార్. దశమి దగ్గరికొచ్చేసింది" అందామె.

"అదే వద్దంటున్నానండి. వరసగా వెళ్తే అదే వస్తుంది" అన్నాడు.

ఆదివారం పొద్దున్న పాసింజరెక్కి రాజమండ్రి వెళ్లింది. కోటగుమ్మం దగ్గర పుస్తకాల కొట్టు పండగ ముందు ఆదివారం కాబట్టి తెరిచే ఉంది. సన్న పుస్తకం పేరు చెప్పగానే కొట్టతను నిచ్చెన కూడా వెయ్యకుండా చేతికందే అరలోంచి తీసిచ్చాడు.

"మొన్ననే పైకి పెట్టబోయి ఆగానండి. ఓ సారు వచ్చి దీన్నే నిలబడి అరగంట తిరగేశారు. తీసుకుంటారనుకున్నా. ఆఖరికి లావుది పట్టుకెళ్లారు."

"భీమవరం నుంచి వచ్చారా? కళ్లజోడు?"

"ఆయనేనండి. మీకు తెలుసా?"

తెలుసు అంది సూర్యకళ. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని కూడా ఆ అరగంట సంగతే ఆలోచించింది. తెలియక మార్చాడనుకుంటే సరిపెట్టుకునేది. అరగంట చదివి, అది బాగుందని తెలిసి, ఆమెకి మాత్రం వద్దని మార్చాడు. నిడదవోలు దాటినా కోపం దిగలేదు.

సోమవారం ఆఫీసులో అడుగు పెట్టగానే పుస్తకం తెరిచింది. వెనక అట్ట లోపల ఒక సీడీ కూడా ఉంది, ప్రోగ్రాములన్నీ అందులో ఉన్నాయట. దాన్ని ఊడదీసి మానిటర్ పక్కన పెట్టింది గానీ వెయ్యలేదు. కాపీ కొడితే కంప్యూటర్‌కి వస్తుంది, వేళ్లతో కొడితే తనకి వస్తుందని ఆమె నమ్మకం. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు అన్న పేజీ తీసి, ఉన్నది ఉన్నట్టు కొట్టింది. పిల్ల వదిలిన తేదీ వేసి మీట నొక్కితే రోజులు వచ్చి పడ్డాయి. వేళ్ల మీద లెక్కపెట్టి చూసింది, సరిపోయింది. తన పుట్టినరోజు వేసి చూసుకుంది. ఇన్ని వేల రోజులు బతికానా అనిపించి నవ్వొచ్చింది. ఆ ఆఫీసులో కంప్యూటర్ ముందు ఆమె నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నానికి చెరువు పేరు, వయసు, నిన్న మిగిలిన మేత అన్నీ ఒక తెర మీదికి వచ్చాయి. మిగిలింది తిథి. అది ఏ పేజీలోనూ లేదు. ఎలా ఉంటుంది, ఆ పుస్తకం రాసినవాడికి రొయ్యలు తెలుసా, అమావాస్య తెలుసా. ఏటేటా పంచాంగం చూసి తేదీలు ఎక్కించవచ్చు గానీ, ఎక్కించడం మర్చిపోయిన ఏడాది చెరువులు పోతాయి. టీ చల్లారిపోయేదాకా ఆలోచించింది. చంద్రుడి నెల ఇరవై తొమ్మిదిన్నర రోజుల పైన కొంచెం అని పదో తరగతిలో చదివింది. పోయినేడు మహాలయ అమావాస్య తేదీ గోడ కేలండర్ కింద ఉన్న పాత కేలండర్‌లో దొరుకుతుంది. ఆ తేదీకీ ఇవాళ్టికీ మధ్య రోజుల్ని చంద్రుడి నెలతో భాగిస్తే మిగిలే శేషమే, అమావాస్య వెళ్లి ఎన్నాళ్లయిందీ అన్నది. శేషం తీసే మాట ఇదే పుస్తకంలో ఇంకెక్కడో చూసింది. పట్టికలో ప్రతి మూడో వరసకీ రంగు వేసే పేజీలో, 'మాడ్' అని. ఆ పేజీలోంచి ఆ ఒక్క మాట తెచ్చి ఈ పేజీలో అతికించింది. వీరవాసరం బస్సుకి వేళయిపోవడంతో సరిచూసుకోకుండానే లేచింది. పుస్తకం టేబుల్ మీదే వదిలింది, ఎవరు ఎత్తుకుపోతారులే అనుకుని.

మర్నాడు మూలా నక్షత్రం. ఆమె వచ్చేసరికి టేబుల్ మీద లావు పుస్తకం ఒక్కటే ఉంది.

ఆఫీసు పైన వెంకటరాజు ఇల్లు. మెట్లెక్కి వెళ్తే ముందు గదిలో సరస్వతీ పూజ నడుస్తోంది. పటం ముందు పీట, పీట మీద కూతురి పుస్తకాలు, ఆఫీసు పద్దు పుస్తకాలు, వాటన్నిటి పైన సూర్యకళ కొన్న సన్న పుస్తకం. అట్ట మీద నాలుగు పక్కలా పసుపు బొట్లు, మధ్యన కుంకం.

"వచ్చావా అమ్మా. నీ పుస్తకం కూడా పెట్టించాను. నీకు మంచిది" అంది వెంకటరాజు భార్య రత్నమాణిక్యం, హారతి పళ్లెం పక్కన పెడుతూ. "ముందు లావుదే తెమ్మన్నాను. పీట మీద పట్టలేదు. బలవంతాన పెడితే అమ్మవారి పటం కదిలింది. అంత పుస్తకం ఎవరు రాస్తారమ్మా, చదివేవాళ్ల మీద కోపమా? ఇదైతే ముచ్చటగా పట్టింది."

ఇన్నాళ్లకి సన్న పుస్తకాన్ని మెచ్చుకున్న మనిషి దొరికింది. సూర్యకళకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "అమ్మగారండీ, ఒక్క పది నిమిషాలు తీసి చూసుకుని మళ్లీ పెట్టేస్తానండి. దశమినాడు రాజుగారికి చూపించాలి."

"పూజలో పెట్టిన పుస్తకం ఉద్వాసన చెప్పేదాకా తెరవకూడదు కదమ్మా. నీకు తెలీనిదా?"

తెలియకేం. చిన్నప్పుడు లెక్కల పుస్తకం తనే ముందుగా పీట మీద పెట్టేసి పండగ పోయేదాకా హాయిగా తిరిగేది. ఆ హాయికి ఇప్పుడు వడ్డీ కట్టించుకుంటున్నట్టుంది అమ్మవారు. ప్రసాదం చేతిలో వేయించుకుని కిందికి దిగింది. పోనీ సీడీ ఉందిగా అనుకుంది. మానిటర్ పక్కన సీడీ లేదు. సొరుగులోనూ లేదు, కిందా లేదు.

"సీడీయా" అన్నాడు వెంకటరాజు, పేపర్ మడుస్తూ. "నిన్న సాయంత్రం అప్పాజీ వచ్చాడమ్మా. చెరువు మీద కొంగలు ఎక్కువగా వాలుతున్నాయట, పాత సీడీలుంటే ఇమ్మన్నాడు. మా అమ్మాయి పాటల సీడీలు ఏవో ఉంటే ఇచ్చాను. నీ దగ్గర కూడా ఒకటి కనిపించింది. బొమ్మ లేదు, ఏం లేదు, పాడైపోయిందనుకున్నాను."

సూర్యకళ ఆటో మాట్లాడుకుని ఉండి చెరువుల వైపు వెళ్లింది.

చెరువు గట్టు మీద అప్పాజీ మేత బుట్టతో ఎదురొచ్చాడు. వెంకటరాజు చెరువులకి ఆయనే కాపలా, ఆయనే మేత వేసేది. నీళ్ల మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నైలాను తాళ్లు కట్టి ఉన్నాయి. తాళ్ల పొడుగునా సీడీలు గాలికి తిరుగుతూ ఎండని చెరువంతా చల్లుతున్నాయి. చూడ్డానికి బాగుంది. చూసే ఓపిక ఆమెకి లేదు.

"బొమ్మ లేనిదా అండి? ఆయ్, ఉందండి, మూడో తాడు మీద. బాగా మెరుస్తోందండి అది" అన్నాడు అప్పాజీ గర్వంగా. తాడు విప్పి జాగ్రత్తగా గట్టుకి లాగాడు. "ఒక పక్కే మెరిస్తే కొంగ రెండో పక్క నుంచి వచ్చేస్తోందండి. అందుకని రెండేసి వీపులు కలిపి జిగురు పెట్టేశానండి. ఇప్పుడెటు తిరిగినా మెరుపేనండి."

సూర్యకళ సీడీ వీపుకి పాటల సీడీ వీపు అతుక్కుని ఉంది. గోటితో అంచు పట్టి లాగింది. రాలేదు. అప్పాజీ తన చాకు మొన దూర్చి తిప్పితే టప్పున విడిపోయాయి. ఆమె సీడీ వెనక పూత మొత్తం పాటల సీడీకి అంటుకుపోయింది. చేతిలో మిగిలింది గాజు బిళ్లలాంటి ప్లాస్టిక్. కంటి ముందు పెట్టుకుంటే దాంట్లోంచి చెరువు, చెరువవతల కొబ్బరి చెట్లు, గట్టున నింపాదిగా నిలబడ్డ ఒక కొంగ, అన్నీ స్పష్టంగా కనిపించాయి.

"పాడైపోయిందాండి?" అన్నాడు అప్పాజీ, ఆమె మొహం చూసి. "రాజుగారే ఇచ్చారండి, నేనేం అడక్కుండా తీసుకోలేదండి."

"మీ తప్పేం లేదు అప్పాజీ గారూ. మళ్లీ కట్టేసుకోండి."

ఆఫీసుకి తిరిగొచ్చి, కనీసం నిన్న రాసిందైనా పని చేస్తుందేమో చూద్దామని కంప్యూటర్ పెట్టింది. అప్పాజీ కాసే చెరువు పేరు వేసి, ఇవాళ్టి తేదీ వేసి మీట నొక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో తాను రాసిన తెలుగు మాటలే తెర మీదికొచ్చాయి. అమావాస్య రోజులు, మేత పావు వంతు తగ్గించండి.

పైన నవరాత్రి గంట మోగుతోంది. అమావాస్య వెళ్లి వారం అయింది. తెర మాత్రం అమావాస్యే అంటోంది. సూర్యకళ తలపట్టుకుంది. చంద్రుడు తప్పడు, రోజుల లెక్క తప్పలేదు, నిన్న వేళ్ల మీద చూసింది. తప్పు శేషం దగ్గరుంది. శేషం పేజీ పీట మీదుంది. హైదరాబాద్ పార్టీ ఫోన్ నంబరు వెంకటరాజు టేబుల్ అద్దం కింద ఉంది. ఐసు ఫ్యాక్టరీ వీధి చివరే ఉంది.

ఇక మిగిలింది ఇటుక ఒక్కటే.

అష్టమినాడంతా దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. ఫోన్లు వస్తూనే ఉన్నాయి, మేతలు నోటితో చెబుతూనే ఉంది. మొదటి అధ్యాయం జోలికి పోలేదు. చివర్న అక్షరక్రమంలో ఉన్న పట్టికలో 'మాడ్' అన్న మాట వెతికి, అది ఎన్ని పేజీల్లో ఉంటే అన్నీ ఒక్కొక్కటే తీసి చూస్తూ పోయింది. సాయంత్రం దాకా దొరకలేదు. ఉదయ్‌భాస్కర్ మెట్లు దిగుతూ, లావు పుస్తకం తెరిచి ఉండటం చూసి సంతోషించాడు. "చెప్పానా, అందులో పడితే ఇంకోటి అక్కర్లేదు" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. పుస్తకాన్ని సంచీలో వేసుకుని బస్సెక్కింది, భుజం పడిపోయినా సరే అని.

నవమి పొద్దున్న వస్తుంటే దొరికింది, బస్సులో, పాల క్యాన్ల పక్కన ఇరుక్కుని కూర్చున్నప్పుడు. పేజీ అడుగున ఒక వాక్యం. మిగతా వాక్యాల్లాగే పొడుగు. ఒక్కో మాటకీ చిన్న నిఘంటువు తిరగేసి చూస్తే అందులో ఉన్నదంతా ఆమె తెలుగు మీడియంలో చదువుకున్నదే. దశాంశాలుంటే వాటిని ముందు దగ్గరున్న పూర్ణాంకానికి మార్చి, ఆ తర్వాతే శేషం తీస్తుందట. అంటే ఇరవై తొమ్మిదిన్నర చిల్లరని అది ముప్ఫై చేసేసుకుంది. నెలకి అరరోజు చొప్పున ఏడాదికి పైగా జరిగి జరిగి వారం దాకా వచ్చింది. వరసలకి రంగు వేసేవాడికి ఈ గొడవ తెలియనక్కర్లేదు, అందుకే సన్న పుస్తకంలో చెప్పలేదు. చెప్పినవాడేమో కనబడకుండా దాచాడు. ఇద్దరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. ఆ కోపంలోనే సంతోషం కూడా ఉంది. గబగబా ఆఫీసుకి నడిచింది.

కంప్యూటర్‌కి బంతిపూల దండ వేసి ఉంది. మానిటర్ మీద మూడు నిలువు బొట్లు, కీబోర్డు మీద అక్షతలు, సీపీయూ పక్కన దిష్టి తీసిన గుమ్మడికాయ. వైరు ఊడదీసి చుట్టి పెట్టారు. ఆయుధ పూజ.

"ఇవాళ దాన్ని ముట్టుకోకమ్మా" అన్నాడు వెంకటరాజు, మోటార్ సైకిల్ చక్రం కింద నిమ్మకాయ పెడుతూ. "రేపు ఉద్వాసన అవగానే మొదట నీ ప్రోగ్రామే. సార్ గార్ని కూడా రమ్మన్నాను."

ఎవరితో గొడవ పడాలి. దండతోనా? సూర్యకళ దండ వేసిన కంప్యూటర్ ముందే కూర్చుని కాగితం తీసింది. శేషం తీసే మాట కొట్టేసింది. భాగిస్తే వచ్చిన నిండు నెలల్ని మళ్లీ రోజులు చేసి, మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది శేషం కదా. చిన్నప్పుడు పలక మీద చేసిన భాగహారం. రెండు లైన్లు అయింది. ఇవాళ్టి తేదీకి కాగితం మీదే చేసి చూసింది, మళ్లీ చేసింది. నవమి అనే వచ్చింది.

దశమినాడు ఉద్వాసన చెప్పాక రత్నమాణిక్యం స్వయంగా దండ తీసింది. వైరు పెట్టి, అక్షతలు దులిపి, ఆ రెండు లైన్లూ కొట్టేటప్పుడు సూర్యకళ వెనక ఆవిడ, వెంకటరాజు, ఉదయ్‌భాస్కర్ నిలబడ్డారు. పసుపు అంటిన మీటలు వేళ్లకి గరగరలాడాయి. అప్పాజీ చెరువు పేరు వేసింది. వయసు వచ్చింది, మేత వచ్చింది, తగ్గించమని రాలేదు.

"సరిపోయింది" అన్నాడు వెంకటరాజు, అప్పాజీకి ఫోన్ చేసి కనుక్కున్నాక. "అమావాస్య తెలుస్తుందా దీనికి?"

"దీపావళి ఎప్పుడో అడుగమ్మా" అంది రత్నమాణిక్యం. "అది అమావాస్యే కదా."

సూర్యకళ వచ్చే నెల తేదీలు ఒక్కొక్కటే వేసింది. ఒకచోట తెర మాట మార్చి అమావాస్య అంది. రత్నమాణిక్యం గోడ కేలండర్‌లో కాగితం ఎత్తి చూసి, "అదే" అంది. పైయేడు దీపావళి కూడా వేయించాడు వెంకటరాజు. అది చెప్పింది గానీ సరిచూసుకోవడానికి కేలండర్ ఇంకా అచ్చవలేదు.

ఉదయ్‌భాస్కర్ పూజలోంచి వచ్చిన పుస్తకాల్లో సన్నదాన్ని అప్పుడే చూశాడు. ఇక్కడికెలా వచ్చిందని అడగలేదు. తీసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. "ఇది చూసి రాసిందేనండి" అన్నాడు వెంకటరాజుతో, మెల్లిగా. "ఎక్కడుందో చూపిస్తాను."

అమావాస్య ఎక్కడుంది? తేదీల పేజీ దొరికింది, రంగుల పేజీ దొరికింది. ఆయన వేళ్లకి పసుపు అంటింది, ఒళ్లో కుంకం రాలింది. మొదటి నుంచి చివరిదాకా, చివరి నుంచి మొదటిదాకా తిప్పాడు.

"అందులో లేదండి సార్" అంది సూర్యకళ. "మీరు తెచ్చినదాంట్లోనూ లేదు. కాకపోతే ఒక ముక్క మీదాంట్లో దొరికింది. అది లేకపోతే ఇవాళ అయ్యేది కాదు." లావు పుస్తకంలో బస్సు టికెట్టు పెట్టిన చోట తెరిచి, వాక్యం కింద వేలు పెట్టింది. ఆ మాట దాచుకోవాలని ఆమెకి అనిపించకపోలేదు. అబద్ధం చెప్పి గెలవడం నచ్చలేదు.

ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది నేను చూడలేదండి. ఈ ఏడాది క్లాసులో ఈ భాష నేనే చెప్పాలి" అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేలా. కళ్లజోడు పెట్టుకుని, "మీరు చేసింది విడమర్చి రాసిస్తారా?" అన్నాడు.

సూర్యకళ కాగితం తీసుకుంది. పైన సమస్య అని రాసి ఒక లైను రాసింది. పరిష్కారం అని రాసి ప్రోగ్రాం రాసింది. ఆ కింద ఎందుకిలా అని రాసి, భాగహారం సంగతి, ముప్ఫై సంగతి తెలుగులో నాలుగు ముక్కల్లో రాసింది. ఆయన చదువుకుని, తల పంకించి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

వెంకటరాజు అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. "అవసరం లేదండి, మా అమ్మాయే చేసేసింది. ఆయ్, పూర్తిగానండి." ఫోన్ పెట్టేసి, లావు పుస్తకాన్ని అలవాటుగా ఎత్తి చూసి దించాడు. "ఐసు ఫ్యాక్టరీకి కూడా చెయ్యాలమ్మా. దానికి ఇంకో పుస్తకం కావాలేమో. సార్ గారూ, మళ్లీ రాజమండ్రి ఎప్పుడు వెళ్తున్నారు?"

"వచ్చే వారం వెళ్తానండి." ఉదయ్‌భాస్కర్ జేబు తడుముకున్నాడు. "పేరు రాసివ్వండి సూర్యకళ గారూ. ఈసారి మార్చను."

"వద్దండి సార్. నేనే వెళ్లి చూసుకుంటాను" అంది సూర్యకళ, కీబోర్డు సందుల్లోంచి అక్షతలు ఏరుతూ. "నిలబడి ఓ అరగంట తిరగేస్తే గానీ తెలీదు కదండీ, ఏది బాగుంటుందో."

ఉదయ్‌భాస్కర్ ఆమె వైపు చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. తర్వాత నెమ్మదిగా, "అవునండి, తెలీదు" అన్నాడు.